సంతాన నియంత్రణము - ఎన్నిక యెవరిది?

తెలుగుదేశపు గ్రామములందు "ఆపరేషను అయినదా?" యని యొక స్త్రీ మరియొక స్త్రీ నడిగినచో, ఏ ఆపరేషను అని తిరిగి యడుగువారుండరు. కంటికో కడుపుకో చేయించుకొన్న శస్త్రచికిత్సను పేరు పెట్టి చెప్పవలెను గాని, ఈ యొక్కదానికి పేరక్కరలేదు. అది పిల్లలు పుట్టకుండ చేయు శస్త్రచికిత్స. అది స్త్రీకే జరుగును. ఒక మాట వాడుకలో నింతగా స్థిరపడినదన్న, దాని వెనుక మన కుటుంబ జీవితపు చరిత్ర కొంత యున్నదని గ్రహింపవలెను.

2019-21లో జరిగిన యైదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడుడు. ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వరకు వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. తెలంగాణమున నూటికి సుమారు 62 మంది. యావద్భారతమున నీ సంఖ్య 38 మాత్రమే. ఆంధ్రప్రదేశమున మాత్రలు, సూదిమందు, కాపర్ టీ, నిరోధ్, పురుషుల శస్త్రచికిత్స మొదలగు తక్కిన విధానములన్నియు గలిసినను నూటికి రెండుకు చేరవు. ఆ సర్వే నాటికి ఒక స్త్రీకి సగటున కలుగు సంతానము ఆంధ్రప్రదేశమున 1.7కును, తెలంగాణమున 1.8కిని దిగెను. జనసంఖ్య నిలకడగా నుండుటకు వలసిన 2.1 కంటె నిది తక్కువ. సంఖ్య తగ్గించుటయే ప్రయోజనమైనచో మనము గెలిచితిమి. దంపతులు తెలిసికొని, ఆలోచించి, తమకు తగిన విధానము నెన్నుకొనుట ప్రయోజనమైనచో మన మింకను తొలిమెట్టు మీదనే యున్నాము. ఒకే వస్తువున్న యంగడిలో కొనుగోలు చేయుట యెన్నిక యనిపించుకొనదు.

ఈ మాటలు ముందుగా పురుషులకే చెప్పవలసియున్నది. పొలమున కొక జత యెద్దులు కావలసివచ్చినపుడు మన రైతు ఏమి చేయును? సంతకు పోయి పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును, పదిమంది నడుగును, అప్పటికి గాని రూపాయి తీయడు. విత్తనము కొనునపుడు నేల యెట్టిది, నీటివసతి యెంత యని విచారించును. అట్టి వివేకి తన యింటికి సంబంధించిన యీ విషయమున మాత్రము ఒక ప్రశ్నయైన వేయడు. రెండవ కాన్పు కాగానే ఆసుపత్రివారు చెప్పుదురు, అత్తగారు సరే యనును, కాగితము మీద సంతకము పడును. పట్టణమున చదువుకొన్నవారి తీరును దీనికి మిక్కిలి భిన్నము కాదు. సంతాన నియంత్రణము స్త్రీల పని, పురుషుడందు తలదూర్ప నక్కరలేదని దేశమున నూటికి 35 మంది పురుషులు పై సర్వేలో నొప్పుకొనిరి. తక్కినవారి మాట యెట్లున్నను, చేత యెట్లున్నదో శస్త్రచికిత్స లెక్కయే చెప్పుచున్నది. దేశమున నూటికి 0.3, అనగా వేయిమంది దంపతులలో మువ్వురు పురుషులు మాత్రమే ఆ భారమును తమ మీద వేసికొనిరి.

ఇది పాశ్చాత్యుల నుండి వచ్చిన యాలోచన యని, మన ధర్మమునకు విరుద్ధమని కొందరు పెద్దలు నేటికిని నమ్ముచున్నారు. బృహదారణ్యకోపనిషత్తు చివరి యధ్యాయమున గర్భము కలుగవలెనని కోరువాడు చేయవలసిన విధియు, కలుగరాదని కోరువాడు చేయవలసిన విధియు పక్కపక్కనే చెప్పబడినవి. ఆ విధుల ఫలము మాట యటుంచుడు. కోరిక ప్రాచీనమైనదే; దానిని పలుకుటకు నాటి ఋషులు సిగ్గుపడలేదు. ఆధునిక కాలమున రఘునాథ ధోండో కర్వే 1921లోనే బొంబాయిలో సంతాన నియంత్రణ కేంద్రమును తెరచెను. గణితశాస్త్ర బోధకుడైన యాతడు ఈ ప్రచారము వలన ఉద్యోగమును గోల్పోయెను, లోకనిందకు గురియయ్యెను, అయినను విడువలేదు. 1930లో మైసూరు సంస్థానము తన యాసుపత్రులలో నిట్టి కేంద్రములను నెలకొల్పెను.

1935 డిసెంబరులో అమెరికా దేశపు మార్గరెట్ సాంగర్ వార్ధాకు వచ్చి మహాత్మునితో ఈ విషయమై చర్చించెను. కృత్రిమ సాధనములు స్త్రీకి విముక్తి కలిగించునని యామె వాదము. ఆత్మనిగ్రహమే తగిన సాధనమని గాంధీజీ వాదము. ఇరువురును ఏకీభవింపలేదు. కాని యా సందర్భమున నొక యంశమును మనవారు మరచిరి. భర్త కోరినప్పుడెల్ల భార్య లొంగవలసిన పనిలేదనియు, కాదనగల ధైర్యమును స్త్రీ నేర్చుకొనవలెననియు గాంధీజీ స్పష్టముగా చెప్పియుండెను. సాధనమును స్త్రీ చేతికిమ్మని యామె కోరెను; నిరాకరించు హక్కును స్త్రీకిమ్మని యాయన కోరెను. మార్గములు వేరైనను, స్త్రీ దేహమున కేమి జరుగవలెనో నిర్ణయించుటలో స్త్రీ మాట చెల్లవలెనన్న చోట ఇరువురును దగ్గరివారే. తరువాతి కాలమున నడచిన ప్రభుత్వ కార్యక్రమము ఆ యిరువురి మాటలలో నీ భాగమునే విడిచిపెట్టెను.

1952లో మన ప్రభుత్వము దేశవ్యాప్తమైన కుటుంబ నియంత్రణ కార్యక్రమము నారంభించెను. తొలినాళ్ల యుద్దేశములు మంచివే. కాని క్రమముగా సంఖ్యయే సర్వస్వమైనది. ఏ జిల్లా ఎన్ని శస్త్రచికిత్సలు చేయవలెనో పైనుండి నిర్ణయించి పంపుట ఆచారమైనది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77 ఒక్క సంవత్సరములోనే 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగెను. అందు సుమారు నాలుగింట మూడువంతులు పురుషులకు చేసినవి. వానిలో బలవంతమెంత, భయమెంత యన్నది దేశమెరుగును. 1977 ఎన్నికలలో ప్రజలు తమ యాగ్రహమును చూపిరి. అటుపిమ్మట పురుషుల శస్త్రచికిత్సను గట్టిగా ప్రోత్సహింప ప్రభుత్వములు జంకినవి. భారమంతయు స్త్రీల మీదికి మరలెను. కోపగించినవాడు పురుషుడు, కత్తిగాటు స్త్రీకి మిగిలెను.

1996లో లక్ష్యసంఖ్యల పద్ధతిని విడిచితిమని ప్రభుత్వము ప్రకటించినను, శిబిరములు నిలువలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బిలాస్‌పూర్ ప్రాంతమున ఒక శిబిరమున కొన్ని గంటలలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్స చేసిరి. అక్కడి శిబిరముల తరువాత 13 మంది స్త్రీలు మరణించిరి. 2016లో దేవికా బిశ్వాస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఇట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పవలెనని యాదేశించెను. శస్త్రచికిత్స స్వతహాగా చెడ్డది కాదు. శుచియైన యాసుపత్రిలో, శిక్షణ పొందిన వైద్యునిచేత, స్త్రీ తెలిసి యొప్పుకొన్న తరువాత చేసినచో నది నమ్మదగినదే. తెలియజెప్పక, తొందరలో, వరుసగా పండుకొనబెట్టి చేయుటయే నేరము.

ఇక విధానముల విషయమునకు వత్తము. స్త్రీ యండాశయము నుండి నెలకొకసారి యండము విడుదల యగును. అది ఒక దినము మాత్రమే జీవించును. పురుషబీజము స్త్రీ దేహమున నైదు దినముల వరకు బ్రదుకవచ్చును. ఈ రెండును కలియకుండ చేయుట గాని, అండము విడుదల కాకుండ చేయుట గాని, కలిసినది గర్భాశయమున నిలువకుండ చేయుట గాని విధానములన్నిటికిని మూలము. ఏ విధానమును పాటింపని దంపతులలో సంవత్సరమునకు నూటికి సుమారు 85 మందికి గర్భము కలుగునని వైద్యుల యంచనా. ఈ సంఖ్యను మనసున నుంచుకొని తక్కినవానిని సరిపోల్చి చూడవలెను.

మొదటిది నిరోధ్. 1968 నుండి ప్రభుత్వ మీ పేరుతోనే దీనిని ప్రచారము చేయుచున్నది. సాధారణ జనులు వాడు తీరులో సంవత్సరమునకు నూటికి సుమారు 13 మందికి గర్భము కలుగవచ్చును. ప్రతిసారియు, సరిగా వాడినచో నది మిక్కిలి తగ్గును. సుఖరోగముల నుండియు, హెచ్.ఐ.వి. నుండియు గాపాడునది యీ సాధనములన్నిటిలో నిది యొక్కటే. పురుషుడు తానుగా చేయగల పనియు నిదియే. అందుచేతనే కాబోలు మన ప్రాంతమున దీని వాడుక యింత స్వల్పము.

రెండవది దినదినము మ్రింగు మాత్రలు. మాలా-ఎన్ అను పేరుతో ఇవి ప్రభుత్వాసుపత్రులలో నుచితముగా దొరకును. మరువక మ్రింగినచో మిక్కిలి పనిచేయును; మరపుతో గూడిన వాడుకలో నూటికి సుమారు 7 మందికి గర్భము నిలుచును. అధిక రక్తపుపోటు గలవారు, రక్తము గడ్డకట్టు జబ్బు వచ్చియున్నవారు, కండ్లముందు మెరుపులు కనబడుచు పార్శ్వపునొప్పి వచ్చువారు, ముప్పదియైదేండ్లు దాటి పొగత్రాగువారు వీనిని వాడరాదు. చంటిబిడ్డకు పాలిచ్చు తల్లి మొదటి యారునెలలు మానవలెను. క్షయవ్యాధికి రిఫాంపిసిన్ మ్రింగువారికి నీ మాత్రలు సరిగా పనిచేయవు. ఇవి యడుగక, చెప్పక అంగడిలో కొని మ్రింగుట మంచిదికాదు.

మూడవది మన దేశమున పుట్టిన మందు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో నిత్యానంద్ మొదలగువారి కృషిచే సెంట్‌క్రోమాన్ కనుగొనబడెను. 1991లో 'సహేలీ' యను పేర వెలువడి, 2016లో 'ఛాయ' యను పేర ప్రభుత్వ కార్యక్రమమున చేర్పబడెను. ఇందు హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారమునకు రెండు మాత్రలు, అటుపిమ్మట వారమున కొకటి చాలును. పాలిచ్చు తల్లులును వాడవచ్చును. కొందరికి ఋతుస్రావము ఆలస్యమగును; అది గర్భమేమో యని కంగారుపడక పరీక్ష చేయించుకొనవలెను. కామెర్లు, కాలేయపు జబ్బు, అండాశయమున నీటిబుడగలు గలవారికిది తగదు. స్వదేశమున పుట్టిన యీ మందును గూర్చి యెరిగిన తెలుగు గృహములెన్ని?

నాల్గవది 'అంతర' యను సూదిమందు. మూడు నెలల కొకసారి వేయించుకొనవలెను. మాత్రలు మరచువారికిని, మాత్రల డబ్బా ఇంటిలో నుంచుకొన జంకువారికిని ఇది సుకరము. ఋతుస్రావము క్రమము తప్పుట, కొంతకాలమునకు పూర్తిగా నిలిచిపోవుట సామాన్యము. చెడురక్తము లోపల నిలిచిపోవునన్నది వట్టి భ్రమ. మానిన తరువాత మరల గర్భము కలుగుటకు కొన్ని నెలలు ఆలస్యమగును గనుక త్వరలో బిడ్డను కోరువారు దీని నెన్నుకొనరాదు.

ఐదవది కాపర్ టీ. గర్భాశయమున నుంచు చిన్న సాధనము. దానిమీది రాగి పురుషబీజములను నిర్వీర్యము చేయును. ఒక రకము ఐదేండ్లు, మరియొక రకము పదేండ్లు పనిచేయును. సంవత్సరమునకు నూటికి ఒక్కరికైన గర్భము కలుగుట యరుదు. అనగా శస్త్రచికిత్సకు దాదాపు సమానము. వలదనుకొన్న దినమున తీయించుకొనవచ్చును. సంతానశక్తి వెంటనే మరలివచ్చును. కాన్పయిన నలువదియెనిమిది గంటలలోపుగా నాసుపత్రిలోనే పెట్టించుకొనవచ్చును. మొదటి కొన్ని నెలలు రక్తస్రావము, కడుపునొప్పి కొంత హెచ్చుగా నుండును. అది గుండెలోనికి పోవును, భర్తకు గ్రుచ్చుకొనును అను కథలు వినికిడి కబుర్లు మాత్రమే. తిరిగి పిల్లలను కోరునో లేదో తేలని పడుచు తల్లికి శస్త్రచికిత్స కంటె నిది యెన్నోరెట్లు తగినది.

ఇవిగాక, అనుకోని సందర్భమున 72 గంటలలోపు మ్రింగవలసిన యత్యవసర మాత్ర యొకటి కలదు. ఎంత త్వరగా మ్రింగిన నంత మేలు. అది నిత్యము వాడదగినది కాదు. నిలిచిన గర్భమును తొలగించునదియు కాదు. రుతుక్రమము తప్పక వచ్చు స్త్రీలు ఎనిమిదవ దినము మొదలు పందొమ్మిదవ దినము వరకు దూరముగా నుండుట యొక పద్ధతి. దానికి భర్త నిగ్రహము గూడ వలయును. బిడ్డకు ఆరునెలలు నిండక, తల్లిపాలు తప్ప వేరేమియు నీయక, ఋతుస్రావము తిరిగి రాక యుండినచో పాలిచ్చుటయే రక్షణ. ఈ మూడింటిలో నొక్కటి తప్పినను ఆ రక్షణ పోయినట్లే.

చివరివి శాశ్వత విధానములు. స్త్రీకి ట్యూబెక్టమీ, పురుషునికి వాసెక్టమీ. స్త్రీ శస్త్రచికిత్సకు పొట్ట తెరువవలెను లేదా రంధ్రము చేయవలెను. పురుషునికి కోతలేని పద్ధతి వచ్చినది. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అను వైద్యుడు దీనిని రూపొందించెను. తిమ్మిరిమందు సూది వేసి, చర్మమున చిన్న రంధ్రము చేసి, కొలది నిమిషములలో ముగింతురు. కుట్లుండవు. ఆ దినమే యింటికి పోవచ్చును. వైఫల్యము స్త్రీ శస్త్రచికిత్సలో నూటికి అరపాలు. పురుష శస్త్రచికిత్సలో నంతకన్న తక్కువ. ఒకే ప్రయోజనమునకు రెండు త్రోవలున్నవి. ఒకటి చిన్నది, నొప్పి తక్కువది, ప్రమాదము తక్కువది. మన మేల రెండవ త్రోవనే పట్టితిమి?

దానికి చెప్పు కారణములు వినుడు. పురుషుడు బలహీనుడగును, పొలము పని చేయలేడు, పురుషత్వము పోవును. ఈ మూడును అసత్యములు. పురుష లక్షణములకు మూలమైన రసము వృషణముల నుండి నేరుగా రక్తమున కలియును. కత్తిరించునది బీజము పోవు సన్నని నాళమును మాత్రమే. కోరికయు, శక్తియు, వీర్యము పరిమాణమును దాదాపు యథాతథముగా నుండును. జాగ్రత్త యొక్కటే: నాళములో నిలిచిన బీజములు పోవుటకు సుమారు మూడు నెలలు పట్టును. అంతవరకు నిరోధ్ వాడి, పిమ్మట పరీక్ష చేయించుకొని నిశ్చయపరచుకొనవలెను. ఇది చెప్పక పంపుటచేత గర్భము నిలిచి, నిర్దోషియైన భార్య మీద నింద పడిన సంసారములు గలవు.

మరి యెన్నిక యెట్లు చేయవలెను? విధానమునకు ముందు దంపతులు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. మరల బిడ్డ కావలెనా, వలదా? కావలెనన్న ఎన్నాళ్లకు? ఆమె ఆరోగ్యమెట్టిది? పాలిచ్చుచున్నదా? ఏదైన మందు వాడుచున్నదా? పెండ్లియైన కొత్తలో నిరోధ్ గాని మాత్రలు గాని తగును. తొలి కాన్పు పిమ్మట మరుసటి గర్భమునకు కనీసము రెండేండ్లు వ్యవధి యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ వ్యవధికి ఛాయ, అంతర, కాపర్ టీ కలవు. ఇక చాలునని యిరువురును నిస్సందేహముగా నిశ్చయించుకొన్న నాడు గదా శాశ్వత విధానపు మాట! మనవారు చేయుచున్నది దీనికి తలక్రిందులు. వ్యవధి లేక వెంటవెంట రెండు కాన్పులు. రక్తహీనురాలైన పడుచుపిల్లకు వెంటనే శస్త్రచికిత్స. తరువాత నొక బిడ్డ దక్కకపోయినను, సంసారము చెడి మరల పెండ్లి చేసికొనినను దారి మూసికొనిపోవును. కత్తిరించిన నాళమును తిరిగి కలుపుట వ్యయముతో గూడినది. ఫలము నిశ్చయము కాదు.

మరియొక సంగతి మనలో చాలమంది యెరుగరు. ప్రభుత్వ నిబంధనల ప్రకారము శస్త్రచికిత్సకు కావలసినది చేయించుకొను వ్యక్తి యంగీకారమే. భార్యాభర్తలలో రెండవవారి సంతకము అవసరము లేదు. అత్తగారి మాట గాని, బంధువుల యొత్తిడి గాని దానికి బదులు కాజాలవు. ఇతర విధానము లేవి గలవో ముందుగా తెలియజెప్పుట ఆసుపత్రి విధి. చెప్పనిచో నడుగుట మన హక్కు.

ప్రభుత్వముల లెక్కలు కాలమునుబట్టి మారును. ఇద్దరికన్న నెక్కువ సంతానముగలవారు స్థానిక సంస్థల యెన్నికలకు నిలువరాదని 1994లో నిబంధన వచ్చెను. 2024లో ఆంధ్రప్రదేశ శాసనసభ దానిని తొలగించెను. నిన్న తక్కువ కనుడని చెప్పిన నోళ్లే నేడు ఎక్కువ కనుడని చెప్పుచున్నవి. జనసంఖ్యను గూర్చి యాలోచించుట ప్రభుత్వమునకు తగినదే. అయితే పదినెలలు మోయునది ప్రభుత్వము కాదు. పురిటినొప్పులు పడునది శాసనసభ కాదు. తక్కువ కనుమన్ననాడు బలవంతము తప్పైనచో, ఎక్కువ కనుమన్ననాడు సాధనములను దాచుటయు నంతే తప్పు.

కావున గృహస్థులు చేయవలసిన పని యొక్కటి గలదు. భార్యను ఒంటరిగా నాశా కార్యకర్త వెంట పంపి, తాము అరుగు మీద కూర్చుండుట మానవలెను. ఇరువురును కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ఏవేవి దొరకును, ఏది మాకు తగును, ఏది తగదు, చిక్కు వచ్చిన నెవరి నడుగవలెనని విచారింపవలెను. ఎద్దుల కొనుగోలులో చూపిన శ్రద్ధలో పదవవంతు చూపినను చాలును. శాశ్వత విధానమే కావలసివచ్చినచో, ముందుగా లేచి నిలువవలసినవాడు భర్త. రెండు ప్రసవముల కష్టమును భరించిన యామెను మూడవ కష్టమునకు గూడ పంపుట న్యాయమా యని ప్రతి యింటి యజమానియు తన్ను దా నడుగుకొనుగాక.